ఈటెమ్మ అవ్వ ఇల్లు ఖాళీ కాదు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక రాతి వాలు. ఆ వాలులో ఒక బొరియ. ఆ బొరియలో ఒక ఏదుపంది అవ్వ.

అవ్వ పేరు ఈటెమ్మ. ఏదుపంది అంటే తెలుసుగా పిల్లలూ, ఒళ్ళంతా ఈటెల్లాంటి ముళ్ళు. వయసులో ఉన్నప్పుడు ఈటెమ్మ ముళ్ళు విప్పితే చిరుతపులి కూడా దారి మార్చుకునేది. ఇప్పుడు ముసలిదైపోయింది. చెవులు పోయాయి. కళ్ళకు పొర కమ్మింది. వెనక కాలు బిగుసుకుపోయింది. గడప దాటి బయటికొస్తే తడబడేది.

కానీ ఇంట్లో? ఇంట్లో అవ్వను చూడాలి మీరు! ఆ బొరియ ఆమె తన గోళ్ళతో తవ్వుకున్నది. లోపల మూడు మలుపులు. మొదటి మలుపులో ఎడమ భుజం ముళ్ళు గోడకు తగిలేవి. రెండో మలుపులో కుడివైపు ముళ్ళు తగిలేవి. మూడో మలుపులో వీపు ముళ్ళు పైకప్పుకు రాసుకునేవి. అంతే, తాను ఎక్కడుందో అవ్వకు తెలిసిపోయేది. పడక ఎటు, దుంపలు దాచిన గూడు ఎటు, వాన నీళ్ళు రాని మూల ఎటు, అన్నీ తెలిసేవి. గోడలే ఆమె కళ్ళు. బయట అవ్వ గుడ్డిదే కావచ్చు. ఇంట్లో మాత్రం కాదు.

అవ్వకు పిల్లలు లేరా అంటారేమో. ఉన్నారు. పెద్దవాళ్ళై ఎవరి బొరియ వాళ్ళు తవ్వుకున్నారు. ఏదుపందుల పద్ధతే అంత. అందులో ఎవరి తప్పూ లేదు. తప్పు చేసినవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళ సంగతి తర్వాత చెబుతాను.

అవ్వ పక్క ఇల్లు ఒక ముంగిసది. పేరు చురకమ్మ. పేరుకు తగ్గట్టే నోరు తెరిస్తే చురకే. ఒకరోజు చురకమ్మ అవ్వ గుమ్మం దగ్గర నిలబడి, "అవ్వా! ఓ అవ్వా! బతికే ఉన్నావా?" అని గొంతు చించుకుంది. జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. జవాబు లేదు. భయమూ కోపమూ కలిసి వచ్చి, నేల మీద కాలితో దబదబ తన్నింది.

వెంటనే లోపలినుంచి ముళ్ళు జలజలమన్నాయి.

"ఎవరే అది, నా ఇంటి కప్పు కూలుస్తున్నది?" అని అరిచింది అవ్వ.

చురకమ్మకు నవ్వాగలేదు. అవ్వకు గొంతు అందదు. నేల అదిరితే మాత్రం పాదాలకు అందుతుంది! ఆ రోజునుంచి చురకమ్మ గుమ్మం ముందు నేలను తన్నేది. అవ్వ ముళ్ళు ఆడించి పలికేది. పిలుపు కుదిరింది.

పిలుపు కుదిరితే సరిపోదుగా. తిండి కావాలి, దారి కావాలి, కాపలా కావాలి. చురకమ్మ వాలు మీద ఇద్దరిని పట్టుకుంది. ఒకడు కుందేలు దుంకయ్య. ఒకతె అడవికోడి కెక్కెరమ్మ.

"నాకు తీరిక లేదమ్మా," అన్నాడు దుంకయ్య. "నాకూ లేదు," అంది కెక్కెరమ్మ.

"తీరిక ఎవరడిగారు?" అంది చురకమ్మ. "దుంకన్నా, నువ్వు రోజూ దుంపల చేలోకి పోతావుగా. వచ్చేటప్పుడు ఒక దుంప నోట కరుచుకురా. కెక్కెరక్కా, రోజూ నేల గీకుతూనే ఉంటావుగా. అవ్వ గుమ్మం ముందు గీకు. ముళ్ళకంపలూ రాళ్ళూ పోతాయి, నీకు చెదలూ దొరుకుతాయి. నేను పాములు వెతుక్కుంటూ తిరిగేదాన్నే, అటువైపు తిరుగుతాను."

లెక్క చూశారా పిల్లలూ? ఎవరూ కొత్త పని చేయలేదు. చేసే పనినే కాస్త పక్కకు జరిపారు. ముగ్గురు కాస్త కాస్త జరిగితే ఒక అవ్వ తన ఇంట్లో తాను ఉండగలిగింది.

అలా చక్కగా సాగుతుండగా పునుగుపిల్లి కన్ను ఆ ఇంటి మీద పడింది.

పునుగుపిల్లి ఒంటినుంచి మంచి వాసన వస్తుంది. మనసు వాసన వేరే సంగతి. అతని గుంతలోకి ప్రతి వానకూ నీళ్ళొచ్చేవి. కొత్తది తవ్వుకోవచ్చు. తవ్వితే గోళ్ళు అరిగిపోవూ? అతనికి గోళ్ళంటే మహా ముద్దు. అందుకని తయారుగా ఉన్న ఇంటికోసం వెతికాడు. వాలు మొత్తం మీద అవ్వ ఇల్లే పొడిగా, లోతుగా కనపడింది.

ఒకరోజు వచ్చి అవ్వ గుమ్మం ముందు కూర్చున్నాడు. అవ్వ ముక్కు ఎగరేసింది. "రా నాయనా పునుగూ. నీ వాసన వచ్చి చాలాసేపైంది. నువ్వే ఆలస్యం."

"అవ్వా, ఇంక మీరు నీడపట్టున ఉండాలి," అన్నాడు అతను తియ్యగా.

"గోడ కట్టాలా? నా గోడకేం, బాగానే ఉంది."

"గోడ కాదు! నీడ! నీ-డ-ప-ట్టు!"

"మేడ మెట్టా? ఏదుపందికి మేడెందుకు నాయనా?"

పునుగుపిల్లి అవ్వ చెవిలో నోరు పెట్టి గొంతు పోయేదాకా అరిచాడు. అప్పటికి అర్థమైంది అవ్వకు.

నీడపట్టు అంటే వాగు అవతల ఒక తోపు. వాలు సభ వాళ్ళు ముసలి జంతువులను అక్కడికి పంపేవాళ్ళు. పేరు ఎంత చల్లగా ఉందో చూడండి. ఇంటికొచ్చినవాళ్ళను మనం "నీడపట్టున కూర్చోండి" అంటాం కదా, ఆ మాటే. ఒక మంచి మాటను తెచ్చి చెడ్డ పనికి కప్పారు.

"అక్కడ ఏముంటుంది?" అని అడిగింది అవ్వ.

"అన్నీ ఉంటాయి! దుంపలు, నీళ్ళు, మెత్తటి గడ్డి!"

"నా మలుపులు ఉంటాయా?"

పునుగుపిల్లి తన గోళ్ళు చూసుకున్నాడు.

"ఉండవుగా. అయితే నువ్వే పో. నీకు గడ్డి బాగా నప్పుతుంది," అని అవ్వ వెనక్కి తిరిగింది. ఏదుపంది వెనక్కి తిరిగిందంటే ముళ్ళు మన ముఖానికి వస్తాయని అర్థం. పునుగుపిల్లి తోక ముడిచాడు.

ఇక్కడ ఒక్క సంగతి పట్టుకోండి. అవ్వకు చెవులు వినపడవని ఆ రోజుతో అతనికి తెలిసింది. అరిచి అరిచి తెలుసుకున్నాడు.

ఆ అడవిలో ఒక పాత ఆచారం ఉంది. ఏ ఇల్లైనా ఖాళీగా కనిపిస్తే నేరుగా చొరబడకూడదు. గుమ్మం ముందు మూడుసార్లు పిలవాలి. మూడు పిలుపులకూ ఎవరూ పలకకపోతేనే అది ఖాళీ ఇల్లు. మంచి ఆచారమే. లోపల ఉన్నవాళ్ళ ఇల్లు పోకూడదని పెద్దలు పెట్టింది. కాపాడడానికి పెట్టినదాన్నే ఇల్లు లాక్కోవడానికి వాడవచ్చని పునుగుపిల్లికి తట్టింది. ఆ బుర్రతో ఒక బొరియ తవ్వుకుని ఉంటే ఈపాటికి అయిపోయేది.

అతను సభకు పోయాడు. సభ పెద్ద ఒక కణుజు. కణుజు అంటే కొమ్మలు కొమ్మలుగా కొమ్ములుండే పెద్ద లేడి. మద్దిచెట్టు కింద రాతి అరుగు అతని ఇల్లు. సభ జరిగేది కూడా అక్కడే.

"పెద్దయ్యా, ఈటెమ్మ ఇల్లు ఖాళీగా ఉన్నట్టుంది. ఎందుకైనా మంచిది, ఆచారం ప్రకారం పిలిపించండి," అన్నాడు పునుగుపిల్లి. "పిలవడానికి గువ్వను పంపండి. మర్యాద తెలిసిన పిట్ట."

గువ్వ గొంతు మీకు తెలుసుగా. పక్క కొమ్మ మీదున్న పిట్టకు కూడా పాపం సగమే వినపడుతుంది. ఆ గువ్వ ఎగిరి వచ్చి, గుమ్మం దాకా రాకుండా ఎదురు చెట్టు మీద వాలింది. మెత్తగా మూడుసార్లు కూసింది. లోపల అవ్వ హాయిగా దుంప తింటోంది. గువ్వ తిరిగిపోయి, "పలకలేదండీ," అంది.

"ఖాళీ ఇల్లు," అన్నాడు కణుజు పెద్ద. తల కూడా ఎత్తకుండా అన్నాడు. తొంగి చూశారా? లేదు. పక్కింటివాళ్ళను అడిగారా? లేదు. అవ్వను అడిగారా? అవ్వను అడగడం అనే ఆలోచనే ఎవరికీ రాలేదు. కోపం రావడంలేదా మీకు? నాకు చెబుతుంటేనే వస్తోంది.

మర్నాడు మధ్యాహ్నం రెండు అడవిపందులను పంపారు. చురకమ్మ వేటకు పోయింది, దుంకయ్య చేలో ఉన్నాడు, కెక్కెరమ్మ పిల్లల దగ్గరుంది. పందులు దభీదభీమని నడిచి వచ్చాయి. నేల అదిరింది. లోపల అవ్వ పాదాలకు ఆ అదురు అందింది.

తనవాళ్ళే పిలుస్తున్నారనుకుంది పిచ్చి తల్లి. ముళ్ళు జలజలలాడిస్తూ, "వస్తున్నా వస్తున్నా, ఇవాళ తొందరగా వచ్చారే!" అంటూ ఎదురొచ్చింది.

చిన్న పంది గతుక్కుమంది. "అన్నా, ఖాళీ ఇల్లు అన్నారే. ఇందులో అవ్వ ఉందేమిటి?"

"సభ ఖాళీ అంది కదా. అంటే ఖాళీయే," అంది పెద్ద పంది.

"మరి ఈమె?"

"ఈమె లేనట్టే. ముక్కుతో ముందుకు నెట్టు."

ఇంట్లో నిలబడి, పలుకుతూ ఉన్న అవ్వను లేనట్టే లెక్క కట్టారు! అవ్వ ముళ్ళు విప్పింది. కానీ గడప దాటేసరికి కాలు తడబడింది. రెండు పందులూ చెరోవైపు చేరి వాగు దాటించాయి.

సాయంత్రం చురకమ్మ వచ్చి నేలను తన్నింది. జవాబు లేదు. ఇంకా గట్టిగా తన్నింది. జవాబు లేదు. లోపలినుంచి పునుగు వాసన గుప్పుమంది. పునుగుపిల్లి తల బయటపెట్టి, "ఎవరమ్మా, నా ఇంటి ముందు నాట్యం చేస్తున్నది?" అన్నాడు.

చురకమ్మ మీసాలు నిక్కబొడుచుకున్నాయి. "నీ ఇల్లా?"

"సభ ఇచ్చింది. అవ్వ నీడపట్టున చల్లగా ఉంది. పోయి చూసుకో."

చురకమ్మ ఉన్నపళాన వాగు దాటింది. నీడపట్టులో నిజంగానే చెట్లున్నాయి, గడ్డి ఉంది. చెట్టుకొకరుగా ముసలి జంతువులు కూర్చుని ఉన్నారు. ఎవరూ కదలడంలేదు. అందరి ముఖాలూ వాలు వైపే తిరిగి ఉన్నాయి. ఒక చెట్టు మొదట్లో ఈటెమ్మ అవ్వ. దించిన చోటే, దించినట్టే కూర్చుని ఉంది.

చురకమ్మ నేలను తన్నింది. అవ్వ ముళ్ళు సన్నగా కదిలాయి. చురకమ్మ ఆమె చెవిలో, "తిన్నావా అవ్వా?" అని అరిచింది.

"దుంప ఉందన్నారే. ఎటు తిరిగితే దుంపో తెలియడంలేదు," అంది అవ్వ. "ఇక్కడ గోడలు లేవు చురకా. నేను ఎక్కడున్నానో నాకు తెలియడంలేదు. ఒక్క అడుగు వేసినా పడిపోతున్నట్టుంది."

పొద్దుట దాకా తన ఇంట్లో తాను తిరిగిన అవ్వ, సాయంత్రానికి కదలలేని అవ్వ అయిపోయింది. ఒక్క రోజులో వయసు పెరిగిందా? లేదు. ఇల్లు పోయింది.

చురకమ్మ దుంప తెచ్చి అవ్వ నోటికి అందించింది. తర్వాత వాలు మీదికి తిరిగి వచ్చి దుంకయ్యనూ కెక్కెరమ్మనూ పిలిచింది. "రేపు సందెవేళ సభ ఉంది. మనం పోయి అడగాలి."

దుంకయ్య చెవులు వాలిపోయాయి. "కణుజు పెద్దతో మనకెందుకు తల్లీ? ఆ కొమ్ములు చూశావా? కావాలంటే రోజూ వాగు దాటి దుంప ఇచ్చి వస్తాను. దుంప మోయమను, మోస్తాను. మాట్లాడమనకు."

"దుంప మోసేవాళ్ళు అక్కడా ఉన్నారు," అంది చురకమ్మ. "అవ్వకు కావలసింది దుంప కాదు, ఇల్లు. దాన్ని మోసుకురాలేం. అడిగి తెచ్చుకోవాలి."

"మనల్ని కూడా వెళ్ళగొడితే?"

"ఊరుకుంటే వెళ్ళగొట్టరా? ఇవాళ చెవులు పోయిన అవ్వ ఇల్లు పోయింది. రేపు నీ చెవులు పోవా? దుంకన్నా, నీకున్నవే చెవులు! ఒంట్లో సగం అవే!"

కెక్కెరమ్మ పకపకా నవ్వింది. దుంకయ్య నవ్వలేదు. తన చెవులు తాను తడుముకున్నాడు. చాలాసేపు తడుముకున్నాడు.

"వస్తాను," అన్నాడు చివరికి. "కానీ వెనక నిలబడతాను."

"నిలబడు చాలు."

మర్నాడు సభకు పోయేముందు చురకమ్మ రాతి పగులులో ఉండే ఒక గబ్బిలం తల్లి దగ్గరికి పోయింది. ఏదో అడిగింది. గబ్బిలం సరేనంది. ఏమడిగిందో ఇప్పుడే తెలుస్తుంది.

సందెవేళ మద్దిచెట్టు కింద సభ కూడింది. అరుగు మీద కణుజు పెద్ద. పక్కనే పునుగుపిల్లి. కొమ్మ మీద గువ్వ. వాలు మీది జంతువులన్నీ చుట్టూ చేరాయి. చురకమ్మ సరాసరి మధ్యలోకి వచ్చి నిలబడింది.

"ఈటెమ్మ అవ్వ ఇల్లు అవ్వకు ఇచ్చేయండి," అంది.

"అది ఖాళీ ఇల్లు," అన్నాడు కణుజు పెద్ద. "మూడు పిలుపులూ పిలిపించాం. ఆచారం తప్పలేదు."

"నేను మర్యాదగానే పిలిచాను," అంది గువ్వ.

"నీ మర్యాద నీ రెక్క కిందే ఉండిపోయిందమ్మా, గుమ్మం దాకా రాలేదు," అంది చురకమ్మ.

"సరే, పిలుపు సంగతి వదిలెయ్," అన్నాడు కణుజు పెద్ద. "ఇదంతా ఆమె మంచికే. అక్కడ నీడ ఉంది, తిండి ఉంది."

"మంచో చెడో అవ్వను అడిగారా?"

కణుజు పెద్ద దగ్గాడు. పునుగుపిల్లికి ఓపిక నశించింది. "ఎందుకమ్మా ఈ గోల? ఆ ముసలిదానికి చూపు ఆనదు. పక్కన నిలబడి గొంతు చించుకున్నా వినపడదు. ఎక్కడున్నా ఆమెకు ఒకటేగా?"



"వినపడదా?" అంది చురకమ్మ మెల్లగా. "నీకెలా తెలుసు?"

పునుగుపిల్లి గువ్వ వైపు తిరిగాడు. 

"చెవిలో అరిచి చూసి తెలుసుకున్నావు. తెలిసే పిలిపించావు. తెలిసే గువ్వను ఏరి పంపించావు!" చురకమ్మ గొంతు రాయి పగిలినట్టు పగిలింది. "అవ్వకు చెవులు లేవు. మీకున్నాయిగా! ఒక్కరు గడపలో తల పెడితే దుంప నములుతున్న చప్పుడు వినపడేది! నేల మీద ఒక్క తన్ను తంతే అవ్వ పలికేది! అవ్వ రోజూ పలుకుతూనే ఉంది, మాతో!"

కణుజు పెద్ద కొమ్ములు విదిలించాడు. "పునుగు సంగతి తర్వాత చూస్తాం. కానీ పిలిచాం, పలకలేదు. ఆచారంలో వినపడిందా లేదా అన్న మాట లేదు. పిలవడం వరకే ఉంది."

"అదే మీ తీర్పా పెద్దయ్యా?"

"అదే."

"అందరూ విన్నారుగా," అని చురకమ్మ తల పైకెత్తింది. "తల్లీ, పిలువు."

మద్దిచెట్టు కొమ్మకు తలకిందులుగా వేలాడుతున్న గబ్బిలం కణుజు పెద్ద వైపు ముఖం తిప్పింది. నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది, మూసింది. మూడోసారి తెరిచింది, మూసింది. ఎవరికీ ఏ చప్పుడూ వినపడలేదు. గబ్బిలం కూత అంతే పిల్లలూ, ఎంతో సన్నగా ఉంటుంది, మన చెవులకు దొరకదు. కానీ దూరంగా మరో చెట్టు మీదున్న గబ్బిలం కూన రివ్వున ఎగిరి వచ్చి తల్లి ఒంటికి అతుక్కుంది.

"పెద్దయ్యా, మీ అరుగు ముందు మూడుసార్లు పిలిపించాను," అంది చురకమ్మ. "పిలవడం నిజమేనని ఆ కూనే సాక్ష్యం. దానికి అందింది, వచ్చింది. మీరు పలకలేదు. ఆచారం ప్రకారం ఈ అరుగు ఖాళీ."

"నేను ఇక్కడే ఉన్నానుగా!" అని కణుజు పెద్ద దిగ్గున లేచాడు.

"అవ్వ కూడా అక్కడే ఉంది."

"నాకు వినపడలేదు!"

"అవ్వకూ వినపడలేదు!"

"అరుగు దిగండి పెద్దయ్యా! నీడపట్టున కూర్చోండి, మీ మంచికే!" అని కెక్కెరమ్మ కూత పెట్టింది. నవ్వు మొదలైంది. ఆ నవ్వు నవ్వుగా ఎంతోసేపు లేదు. అందరికీ ఎవరో ఒకరు గుర్తొచ్చారు. ఒకరికి అమ్మ, ఒకరికి పక్కింటి తాత. నవ్వు అరుపైంది. "అవ్వ ఇల్లు అవ్వకివ్వండి!" అని వాలంతా మోగింది. వెనక నిలబడతానన్న దుంకయ్య ఎప్పుడు ముందుకు వచ్చాడో ఎవరూ చూడలేదు. చురకమ్మ పక్కన నిలబడి నేలను కాళ్ళతో దబదబ బాదుతున్నాడు.

కణుజు పెద్ద కొమ్ములు దించాడు. మంచి మనసుతో దించాడని నేను చెప్పను. తన అరుగు పోతుందని దించాడు. ఎలా దించితేనేం, దించాడు.

"ఇకమీదట లోపలివాళ్ళకు ఏ తీరున అందుతుందో ఆ తీరున పిలవాలి," అన్నాడు. "పలకకపోతే గడపలోకి పోయి చూడాలి. ఇంట్లో ఉన్నవాళ్ళను అడగకుండా ఎక్కడికీ పంపకూడదు. ఈటెమ్మ ఇల్లు ఈటెమ్మదే."

గువ్వ కొమ్మ దిగి చురకమ్మ దగ్గరికి వచ్చింది. "నేను గుమ్మం దాకా పోవలసింది," అంది.  

అవ్వను వాగు దాటించి తెచ్చారు. దుంకయ్య ఒకవైపు, చురకమ్మ ఒకవైపు, ముందు దారి గీకుతూ కెక్కెరమ్మ. గడప తగలగానే అవ్వ ముఖం విప్పారింది. "మీరు ఆగండి, నా ఇంట్లో నాకు తోడెందుకు?" అని గబగబా లోపలికి పోయింది. మొదటి మలుపు తిరిగింది. రెండో మలుపు దగ్గర ధడేల్‌మని చప్పుడు.

అవ్వ తల గోడకు కొట్టుకుంది.

పునుగుపిల్లి గోళ్ళు అరగకుండా ఒక రాతిముక్కతో రెండో మలుపును చెక్కేశాడు! వంపు ఉంటే తోక చాచుకోవడానికి కుదరదట. ఆ మట్టినంతా తీసి పక్కన పోశాడు. అవ్వ కుడివైపు ముళ్ళు గోడకోసం వెతుకుతున్నాయి. గోడ లేదు.

"చురకా, ఇది నా ఇల్లేనా?" అని అడిగింది అవ్వ. ఆ గొంతు విని చురకమ్మ తిట్టడం కూడా మరచిపోయింది. బయటికి పోయి, పొదలో నక్కిన పునుగుపిల్లిని మెడ పట్టి ఈడ్చుకొచ్చింది.

"గోడ పెట్టు," అంది.

"నాకు మట్టి పని రాదు! నా గోళ్ళు..."

"పెట్టు!"

అవ్వ రెండో మలుపు దగ్గర కుదురుగా కూర్చుంది. పునుగుపిల్లి మట్టి తడిపి మెత్తుతున్నాడు. అవ్వ భుజం కదిపి చూసుకునేది. "ఇంకా లోపలికి." అతను మెత్తాడు. "ఎక్కువైంది, కాస్త తియ్." తీశాడు. "ఇక్కడ ఒక రాయి బొడిపె ఉండేది. దాని మీద నా పెద్ద ముల్లు ఆనేది. ఆ రాయి ఏది?" అతను మట్టికుప్పలో చెయ్యి పెట్టి రాయి వెతికాడు. ఒళ్ళంతా బురద. మంచి వాసన ఎక్కడికి పోయిందో. గోళ్ళ సంగతి నేను చెప్పను, మీరే అనుకోండి.

మెత్తి, తీసి, మళ్ళీ మెత్తి, చివరికి అవ్వ భుజం ముల్లు రాతి బొడిపెకు ఆనింది. అవ్వ ఆగింది. మెల్లగా తిరిగింది. మూడో మలుపు దాటింది. పడక మీద వాలి, లోపలినుంచే, "ఇంక అందరూ పొండి. నన్ను పడుకోనివ్వండి," అని కసిరింది.

అంత కమ్మని కసురు ఆ ముగ్గురూ ఎన్నడూ వినలేదు.

"గెలిచాంగా, ఇంకా ఆ ముఖమేమిటి?" అని దుంకయ్య చురకమ్మను అడిగాడు.

"అవ్వ ఒక్కతే వచ్చింది. అక్కడ ఇంకా ఎందరున్నారో చూశావుగా," అంది చురకమ్మ. "వాళ్ళ గుమ్మాల ముందు ఎవరు పిలిచారో, ఏం పిలిచారో."

పొద్దున్నే మళ్ళీ వాగు దాటారు. నీడపట్టులో చెట్టు చెట్టు దగ్గరికీ పోయి ఒకే ప్రశ్న అడిగారు. "మీకు ఎక్కడ ఉండాలని ఉంది?" ముసలి తాబేలు, "నాకు ఇక్కడే బాగుంది, తోడు దొరికింది," అంది. సరేనన్నారు. ముసలి నెమలి ఆ ప్రశ్నను మూడుసార్లు అడిగించుకుంది. అర్థం కాక కాదు. అంతవరకు తనను ఎవరూ అడగలేదని.

చివరి చెట్టు కింద ఒక ముసలి అలుగు ఉంది. ఒంటినిండా పొలుసులుండే జంతువు అది. బంతిలా చుట్టుకుని పడుకుని ఉంది. అడిగితే విప్పుకోలేదు. లోపలినుంచే మాట్లాడింది.

"నా ఇల్లు వాలు కింద ఉండేది. ఒకరోజు ఖాళీ అన్నారు. నేను అరిచాను. నాకు చెవులు బాగానే ఉన్నాయి, నోరూ ఉంది. ఎంతో అరిచాను. అప్పుడు మీరంతా ఎక్కడున్నారు?"

చురకమ్మకు మాట రాలేదు. అంత నోరున్న చురకమ్మకు!

దుంకయ్య చెవులు దించుకుని ముందుకు వచ్చాడు. "వాలు మీదే ఉన్నాం తాతా. నీ అరుపు విన్నాం. పలకలేదు."

 అలుగు ఒంటి మీద ఒక్కో పొలుసూ విడివడింది. మూతి బయటికి వచ్చింది. ముగ్గురినీ ఒక్కొక్కరినే చూసింది.

"ఆలస్యంగానైనా పలికారు," అంది. "క్షమించానని అనను. లేవదీయండి, పోదాం."

నీతి: చెవులు వినపడక పలకని ముసలివారిది తప్పు కాదు, చెవులుండీ విని, పలకని ఇరుగుపొరుగుదే తప్పు.